రోగి ఇంట్లో, డాక్టర్ దూరంలో: ఏ వైర్‌లెస్ సెన్సర్ ఎవరికి పనికొస్తుంది?

వైర్‌లెస్ సెన్సర్లతో రోగిని దూరం నుంచి గమనిస్తే నిజంగా మేలు జరుగుతుందా? ఒకే జబ్బు మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు దీనికి రెండు రకాల జవాబులు చెబుతాయి. 2016లో ఫలితాలు వచ్చిన బీట్-హెచ్‌ఎఫ్ అనే అమెరికా అధ్యయనంలో 1,437 మంది హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా తోడలేని జబ్బు) రోగులున్నారు. అందులో ఒక వర్గానికి బరువు, బీపీ, నాడి రీడింగులను వాటంతటవే పంపే పరికరాలిచ్చారు. నర్సులు ఫోన్లు చేసి మాట్లాడారు. 6 నెలల తర్వాత చూస్తే, మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు రెండు వర్గాల్లోనూ 50 శాతం దగ్గరే ఉన్నారు. 2018లో వచ్చిన జర్మనీ అధ్యయనం టిమ్-హెచ్‌ఎఫ్2లో 1,571 మంది. వాడినవి అంతకంటే వింత పరికరాలేమీ కావు: బరువు తూచే కాటా, బీపీ మెషిన్, చిన్న ఈసీజీ, ఆక్సిజన్ చూసే క్లిప్పు. అక్కడ మాత్రం ఏడాదికి ప్రతి 100 మందిలో మరణాలు సుమారు 11.3 నుంచి 7.9కి తగ్గాయి.

తేడా ఎక్కడ వచ్చింది? జర్మనీలో రీడింగులు చేరే చోట 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉన్నారు. అవసరమైతే మందు మార్చే పని అక్కడి నుంచే మొదలయ్యేది. అమెరికా అధ్యయనంలో చివరికి వచ్చేసరికి సగానికి సగం రోజులైనా పరికరం వాడినవాళ్లు దాదాపు సగం మందే. రెండు చోట్లా రోగులను ఎంచుకున్న తీరు వేరు కాబట్టి మొత్తం ఘనత ఆ కేంద్రానిదే అనలేం. అయినా సెన్సర్ కొనే ముందు ఆలోచించాల్సింది ఏమిటో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ముందు రెండు వేగాలు కలపండి

ఏ కంపెనీది మంచిది అని అడిగేవాళ్లను నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ జబ్బు ఎంత వేగంగా ముదురుతుంది? తేడా కనిపించాక ఎంతసేపట్లో ఎవరు కదలగలరు? ఈ రెండిటికీ పొంతన కుదిరితే మామూలు పరికరమైనా పనిచేస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనది పెట్టినా టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

బీపీ వారాల మీద నడిచే వ్యవహారం. రోజుకు రెండు పూటలా చూసి, వారానికోసారి డాక్టర్‌కు పంపితే చాలు. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఒంట్లోకి నీరు చేరడం రోజుల లెక్క. షుగర్ పడిపోవడం నిమిషాల లెక్క. కింద పడటం క్షణంలో జరిగిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు నేలమీద ఉండిపోయారన్నదే ముఖ్యం. గుండె లయ తప్పడం వీటిలో దేనికీ చెందదు. అది ఎప్పుడో వచ్చి, ఎవరూ చూడకముందే పోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఓపిగ్గా కాపు కాయాలి.

చూసేవాళ్లు కూడా ఒక రకం కాదు. కొన్ని ఇళ్లలో రోగో, కొడుకో కూతురో యాప్‌లో చూసుకుంటారు. కొన్ని ఆసుపత్రులు పగటి పూట ఒక నర్సుతో రీడింగులు చూపిస్తాయి, రాత్రీ సెలవు రోజుల్లోనూ ఎవరూ ఉండరు. కొన్నిచోట్ల మాత్రమే రాత్రింబవళ్లు మనుషులుండే కేంద్రం ఉంటుంది. మీకు దొరికేది వీటిలో ఏదో స్పష్టంగా అడగండి. ‘డాక్టర్‌తో షేర్ చేయండి’ అనే బటన్ యాప్‌లో ఉన్నంత మాత్రాన అవతల డాక్టర్ చూస్తున్నట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. రీడింగు సర్వర్‌కు చేరింది కాబట్టి డాక్టర్‌కు చేరిందనుకుని ధీమాగా కూర్చుంటారు.

బీపీ: పట్టీ ఉన్నదే తీసుకోండి

ఇక్కడ నా సలహాలో ఊగిసలాట లేదు. భుజం కింద, పై చేతికి చుట్టే గాలి పట్టీ ఉన్న బ్లూటూత్ మెషిన్ తీసుకోండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 81060-2 ప్రకారం పరీక్షించిన మోడలేనా అని చూడండి. అలా నెగ్గిన మెషిన్ల జాబితాను స్ట్రైడ్ బీపీ అనే వైద్య నిపుణుల వెబ్‌సైట్ ఉచితంగా చూపిస్తుంది.

మణికట్టుకు చుట్టేవి తేలిగ్గా ఉంటాయి కానీ, చేయి గుండె ఎత్తులో లేకపోతే లెక్క తప్పుతుంది. గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగు 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. చేయి బాగా లావుగా ఉండి పై చేతి పట్టీ సరిపోనివాళ్లకు మాత్రం మణికట్టుది తప్పదు. పట్టీ సైజు విషయంలో కూడా అశ్రద్ధ వద్దు. చేతికంటే చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. కొనేముందు టేపుతో చేయి చుట్టుకొలత తీసుకుంటే ఆ సమస్యే రాదు.

పట్టీ లేకుండా వెలుతురుతో బీపీ చెప్పే వాచీలు, ఉంగరాలు ఉన్నాయి. వాటిలో చాలావాటిని మామూలు పట్టీ మెషిన్‌తో కొన్నాళ్లకోసారి సరిచూసి సెట్ చేయాలి, కొన్ని 4 వారాలకోసారి అడుగుతాయి. అంటే ఎలాగూ పట్టీ మెషిన్ ఇంట్లో ఉండాల్సిందే. బీపీ ఉందో లేదో తేల్చడానికి, మందు డోసు మార్చడానికి వీటిని ఆధారం చేసుకోవద్దని యూరప్ బీపీ నిపుణుల సంఘం చెప్పింది. సరదాగా చూసుకోవడానికైతే సరే.

ఏది కొన్నా కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది. 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం విరామంతో 7 రోజులు చూడండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తే డాక్టర్‌కు పనికొచ్చే అంకె వస్తుంది. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్లకు కొట్టుకొట్టుకూ రక్తం తోపు మారుతుంది కాబట్టి మెషిన్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తుంది. వాళ్లు ప్రతిసారీ మూడు రీడింగులు తీసి సగటు చూడాలి.

గుండె లయ: ఎన్నాళ్లు కాపు కాయాలి?

దడ వారానికి రెండుసార్లు వస్తుందా, రెండు నెలలకోసారి వస్తుందా? దీని జవాబును బట్టే పరికరం మారిపోతుంది.

రోజూ వచ్చేదైతే పాతకాలపు హోల్టర్ చాలు. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ పేరు మీద వచ్చిన ఈ పద్ధతిలో 24 నుంచి 48 గంటలు ఈసీజీ నమోదవుతుంది. వైర్లు వేలాడుతుంటాయి, స్నానానికి ఇబ్బంది. వారం పది రోజులకోసారి వచ్చే దడకు ఛాతీ మీద అంటించే ప్యాచ్ మేలు. అది 14 రోజుల దాకా ఆగకుండా రాస్తుంది, వైర్లుండవు. అయితే ఇందులోనే రెండు రకాలున్నాయన్న సంగతి చాలామందికి చెప్పరు. ఒక రకం అంతా తనలోనే దాచుకుంటుంది. గడువయ్యాక విప్పి పంపితే అప్పుడు రిపోర్టు వస్తుంది. రెండో రకం ప్రమాదకరమైన లయ కనిపించగానే ఫోన్ ద్వారా కేంద్రానికి పంపుతుంది. స్పృహ తప్పి పడిపోయిన మనిషికి మొదటి రకం అంటిస్తే, అది ఏం చూసిందో రెండు వారాల తర్వాత గానీ తెలియదు. ఊరికే దడగా ఉందన్నవాళ్లకు అది చాలు. కళ్లు తిరిగి పడిపోతున్నవాళ్లకు రెండోది అడగండి.

నెలలకోసారి వచ్చేదానికి చర్మం కింద అమర్చే లూప్ రికార్డర్ ఉంది. వేలెడంత కూడా ఉండదు. బ్యాటరీ సుమారు 3 ఏళ్లు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ వస్తుంది. మంచం పక్కన పెట్టిన పెట్టె రాత్రిపూట దాని నుంచి వివరాలు తీసుకుని ఆసుపత్రికి పంపుతుంది. ఇది ఎవరికి అన్నది జాగ్రత్తగా చూడాలి. కారణం తెలియని పక్షవాతం వచ్చిన 441 మందితో చేసిన క్రిస్టల్-ఏఎఫ్ అధ్యయనంలో (2014) 12 నెలలకు లూప్ రికార్డర్ ఉన్నవాళ్లలో 12.4 శాతం మందికి, మామూలు పరీక్షలు చేసినవాళ్లలో 2 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. ఈ లయ దోషం పక్షవాతానికి దారితీయొచ్చు కాబట్టి, అక్కడ అది బయటపడితే మందు మారుతుంది. కానీ పక్షవాతం రాని పెద్దవాళ్లు 6,004 మందిలో కొందరికి ముందుజాగ్రత్తగా అమర్చి చూసిన లూప్ అధ్యయనంలో (2021) లయ దోషం మూడు రెట్లు ఎక్కువ మందిలో కనిపించినా, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ‘ఎందుకైనా మంచిది’ అనే లెక్కలో ఇంప్లాంట్ పెట్టించుకోబోయేవాళ్లు ఈ రెండో అంకెలు డాక్టర్ ముందు పెట్టి మాట్లాడాలి.

మరి వాచీ? ఆపిల్ వాచీతో 4,19,297 మందిని గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. లయ తేడాగా ఉందని కబురు అందుకున్నవాళ్లు 0.52 శాతమే. వాళ్లలో ప్యాచ్ అంటించుకుని తిరిగి పంపినవాళ్లను చూస్తే 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. ప్యాచ్ పెట్టేది కొన్ని రోజుల తర్వాత కాబట్టి, మిగతావన్నీ తప్పుడు కబుర్లే అనడానికి లేదు. వచ్చిపోయే జబ్బు మరి. నా లెక్కలో వాచీ మంచి సాక్షి. దడ వచ్చినప్పుడు వేలు ఆనించి 30 సెకన్ల ఈసీజీ తీసి దాచుకోవచ్చు, డాక్టర్‌కు అది బంగారం. రోగమేమిటో తేల్చాల్సింది మాత్రం డాక్టరే. ఇంకొక్క మాట: వాచీ ఈసీజీ ఒకే కోణం నుంచి చూస్తుంది, గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి వస్తుంటే వాచీ చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్: అందరికీ ఎడతెగని సెన్సర్ అక్కర్లేదు

చేతికో పొట్టకో అంటించుకునే షుగర్ సెన్సర్ రక్తాన్ని చూడదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్ చూస్తుంది. రక్తంలో మారిన షుగర్ ఆ ద్రవంలోకి రావడానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. కాబట్టి షుగర్ వేగంగా పెరుగుతున్నప్పుడో పడుతున్నప్పుడో సెన్సర్ కాస్త వెనకబడి ఉంటుంది. అంకె కంటే పక్కనున్న బాణం గుర్తు ఎటు చూపిస్తోందో చూడటం అలవాటు చేసుకోవాలి. సెన్సర్ బాగానే ఉందంటున్నా చెమటలు, వణుకు వస్తుంటే వేలు గుచ్చి చూడాల్సిందే.

ఎవరికి తప్పనిసరి? ఇన్సులిన్ వాడేవాళ్లకు. ముఖ్యంగా టైప్ 1 ఉన్నవాళ్లు, రాత్రిళ్లు షుగర్ పడిపోయేవాళ్లు, పడిపోతున్నా ఒంట్లో తెలియనివాళ్లు. వీళ్లకు రీడింగు దానంతటదే వచ్చి, అలారం మోగే రకమే కావాలి. ఫోన్ దగ్గర పెట్టి స్కాన్ చేస్తేనే చెప్పే పాత రకం నిద్రలో ఏం సాయం చేస్తుంది? ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా అలారం వెళ్లేలా పెట్టుకునే సదుపాయం ఉందో లేదో చూడండి.

షుగర్ పడిపోయే ప్రమాదం పెద్దగా లేని మాత్రల మీద ఉన్నవాళ్లకు ఏడాది పొడవునా అంటించుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించదు. మందు మార్చినప్పుడు, ఆహారం మార్చినప్పుడు ఒక సెన్సర్ పెట్టి రెండు వారాలు చూస్తే దేనికి షుగర్ ఎగురుతోందో తెలిసిపోతుంది. ఆ తర్వాత మామూలు పరీక్షలు చాలు.

10 నుంచి 15 రోజులకు మార్చుకునే సెన్సర్లకూ, చర్మం కింద డాక్టర్ అమర్చే ఎవర్‌సెన్స్ లాంటి వాటికీ తేడా ఓపిక దగ్గర వస్తుంది. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన రకం ఏడాది పాటు ఉంటుంది. జిగురు పడనివాళ్లకు, తరచూ ఊడిపోయేవాళ్లకు ఇది ఆకర్షణగా ఉంటుంది. కానీ సెన్సర్ లోపలున్నా, కబురు పంపే బిళ్ల పైన అంటించుకుని తిరగాలి. పెట్టడానికీ తీయడానికీ చిన్న కోత ఉంటుంది.

రెండు సంగతులు కొనేముందే తెలియాలి. సెన్సర్ ఉన్న చేతి మీద పడుకుంటే ఆ ఒత్తిడికి షుగర్ లేనిపోని విధంగా తక్కువగా చూపిస్తుంది. అర్ధరాత్రి అలారం మోగి ఇల్లంతా లేవడానికి తరచూ కారణం ఇదే. కొన్ని రకాలకు ఎక్కువ మోతాదు విటమిన్ సీ, కొన్నింటికి పారాసెటమాల్ అడ్డొస్తాయి. మీరు రోజూ వేసుకునే మాత్రల జాబితాను ఆ సెన్సర్ సూచనల కాగితంతో సరిచూడండి. ఇక చర్మాన్ని గుచ్చకుండానే షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు ఉన్నాయే, వాటి జోలికి పోవద్దు. అలా కొలిచే ఏ వాచీకీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. దాని మాట నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

హార్ట్ ఫెయిల్యూర్: కాటా నుంచి ఇంప్లాంట్ దాకా

ఇక్కడ అన్నిటికంటే చవకైనది కాటా. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసుకోవాలి. 3 రోజుల్లో 2 కిలోలకు పైగా పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కొవ్వు శాతం, కండ శాతం కూడా చెప్పే కాటాలు కొనొద్దు. అవి ఒంట్లోకి చిన్న కరెంటు పంపి కొలుస్తాయి. మామూలు బరువు చెప్పే బ్లూటూత్ కాటా చాలు.

కాటాకు ఒక బలహీనత ఉంది. బరువు పెరిగేసరికి లోపల ఒత్తిడి పెరగడం మొదలై చాలా రోజులైపోయి ఉంటుంది. కొందరికి ఆయాసం వచ్చినా బరువు పెద్దగా మారదు. అందుకే ఊపిరితిత్తుల ధమనిలో అమర్చే కార్డియోమెమ్స్ అనే సెన్సర్ వచ్చింది. బ్యాటరీ లేదు. రోగి ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే అందులోని యాంటెన్నా రేడియో తరంగాలతో దానికి శక్తినిచ్చి ఒత్తిడిని చదువుతుంది. 550 మందితో చేసిన ఛాంపియన్ అధ్యయనంలో 6 నెలల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. 2014లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మాటిమాటికీ ఆసుపత్రి పాలయ్యేవాళ్లకు, ఆ ఒత్తిడి అంకెలు చూసి మందు మార్చే బృందం ఉన్నచోట, ఇది ఆలోచించదగ్గది. ఆ బృందం లేకపోతే ఇంత దూరం వెళ్లడం అనవసరం.

మధ్యలో ఛాతీ ప్యాచ్‌లున్నాయి. శ్వాస వేగం, నాడి, కదలిక, పడుకునే భంగిమ చూస్తాయి. వీటిలో నాకు విలువైనదిగా తోచేది శ్వాస వేగం. పరిస్థితి విషమించే ముందు మిగతావాటికంటే ముందే మారేదాన్ని ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. ఇంకోవైపు, పెద్ద వయసు వాళ్ల పల్చటి చర్మం మీద జిగురు పుండు చేయొచ్చు. అలాంటివాళ్లకు పరుపు కింద పెట్టే సెన్సర్ నయం.

నన్నడిగితే చాలామంది కాటా, బీపీ మెషిన్, రోజూ చూసే ఒక నర్సుతో మొదలుపెట్టడం మంచిది. ఈ మూడూ మూడు నెలలు సవ్యంగా నడిచాక కూడా ఆసుపత్రి తప్పకపోతే అప్పుడు పై మెట్టు గురించి అడగండి.

ఆక్సిజన్, జ్వరం, పడిపోవడం

వేలి క్లిప్పు రెండు వెలుతుర్లతో పనిచేస్తుంది, ఎరుపు సుమారు 660 నానోమీటర్లు, పరారుణం 940. వేలు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా, చేయి కదిలినా తప్పుతుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపిస్తుందని 2020 డిసెంబరులో వచ్చిన అమెరికా పరిశీలన గట్టిగా చెప్పింది. నల్లజాతి రోగుల్లో దాగిన కొరత శ్వేతజాతి వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు క్లిప్పు కంటపడలేదు. కాబట్టి మన చర్మాలకు ఒక్క అంకెను పట్టుకుని ధీమా పడకూడదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీకు ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకుని, అక్కడి నుంచి ఎంత పడిందో చూడండి. దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ ఉన్న కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య చాలంటారు. వాళ్ల యాప్‌లో అలారం 94 దగ్గర పెడితే రోజంతా మోగుతూనే ఉంటుంది. వాచీలోని ఆక్సిజన్ రీడింగును ఇలాంటి రోగులకు ఆధారం చేసుకోవద్దు, క్లిప్పే మేలు.

జ్వరం ప్యాచ్ కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ఉపయోగపడొచ్చు. మిగతావాళ్లకు థర్మామీటర్ చాలు.

పడిపోవడాన్ని పట్టే వాచీలు, మెడలో వేసుకునే బిళ్లలు దబ్బున పడితే గుర్తుపడతాయి. గోడ పట్టుకుని మెల్లగా జారిపోతే చాలాసార్లు గుర్తుపట్టవు. పెద్దవాళ్లు ఎక్కువగా జారేది అలాగే. పైగా బాత్రూములోకి వెళ్తూ తీసేసి వెళ్తారు. నీళ్లలో తడిసినా పాడవనిదే కొని, అది తీయనక్కర్లేదని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఏదీ ఒంటికి పెట్టుకోనని మొండికేసేవాళ్ల కోసం గోడకు తగిలించే రాడార్ సెన్సర్లున్నాయి. కెమెరా ఉండదు, కదలికే చూస్తాయి, చీకట్లోనూ పనిచేస్తాయి. ఒక్కరే ఉండే గదిలో బాగుంటాయి, నలుగురు తిరిగే గదిలో తికమకపడతాయి.

రీడింగు బయటికి వెళ్లే దారి

సెన్సర్ బాగుండి కూడా రీడింగు చేరకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఫోనే. చిన్న సెన్సర్లన్నీ ఇంచుమించు తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్ వాడతాయి. అది 2.4 గిగాహెర్ట్జ్ తరంగం. ఒంట్లో ఉన్న నీరు దాన్ని మింగేస్తుంది. ఎడమ చేతి మీద సెన్సర్, కుడి జేబులో ఫోన్ ఉంటే మధ్యలో మనిషే అడ్డు. గది దాటితే గోడ అడ్డు. లోపల అమర్చే పరికరాలకు 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ మధ్య వేరే తరంగాల శ్రేణి కేటాయించడానికి ఇదీ ఒక కారణం, ఆ తరంగం ఒంట్లోంచి మెరుగ్గా బయటపడుతుంది.

అంతకంటే తరచూ వచ్చే చిక్కు: బ్యాటరీ ఆదా చేయాలని ఫోన్ తనంతట తాను వెనకాల నడిచే యాప్‌ను ఆపేస్తుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక అనుమతులు మారిపోతాయి. రాత్రి ‘డూ నాట్ డిస్టర్బ్’ పెడితే అలారం నోరు మూతపడుతుంది. ఫోన్ సెట్టింగుల వల్ల షుగర్ అలారాలు వినపడక నష్టం జరుగుతోందని 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది.

కాబట్టి ఫోన్‌ను చక్కగా వాడే రోగికి బ్లూటూత్ యాప్ సరిపోతుంది. ఫోన్ అంటే భయపడేవాళ్లకు, చార్జింగ్ మరిచిపోయేవాళ్లకు, సెన్సర్ల రీడింగులు అందుకుని పంపే సిమ్ ఉన్న హబ్ పెట్టె తీసుకోండి. ప్లగ్గులో పెట్టి వదిలేస్తే చాలు. సిమ్ లోపలే ఉన్న కాటాలు, బీపీ మెషిన్లు ఇంకా సులువు, జత చేసే గొడవే లేదు. వైఫై రకం ఇంట్లో రూటర్ పాస్‌వర్డ్ మార్చిన రోజున మౌనంగా ఆగిపోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు నేను దాన్ని సూచించను.

అమ్మేవాళ్లను ఒకటి గట్టిగా అడగండి: నెట్ పోతే ఎన్ని గంటల రీడింగులు సెన్సర్ తనలో దాచుకుంటుంది? కొన్ని షుగర్ సెన్సర్లు 8 గంటలవి దాచి తర్వాత పంపుతాయి, కొన్ని పరికరాలు అసలు దాచుకోవు. అలాగే ‘రీడింగు రాలేదు’ అన్న సంగతికి కూడా అలర్టు రావాలి. నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అంతా బాగుందని అనుకోవడం కంటే ప్రమాదం లేదు.

భద్రత సంగతి క్లుప్తంగా: 2017లో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు బయటివాళ్లు చొరబడే లోపం ఉందని సాఫ్ట్‌వేర్ మార్పించారు. కాబట్టి ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో, రీడింగులు ఏ దేశపు సర్వర్‌లో ఉంటాయో, సేవ మానేస్తే మన వివరాలు మనకు తిరిగి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

అలర్టుల హద్దులు, వద్దనాల్సిన సందర్భాలు

కంపెనీ పెట్టి పంపిన హద్దులను అలాగే ఉంచేయకండి. ఎప్పుడూ నాడి 55 ఉండే మనిషికి 60 దగ్గర అలారం పెడితే మూడో రోజుకే ఇంట్లోవాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. ఆ తర్వాత నిజమైనది మోగినా అంతే. డాక్టర్‌తో కూర్చుని రెండు హద్దులు పెట్టుకోండి: రేపు ఫోన్ చేస్తే సరిపోయేది ఒకటి, ఇప్పుడే కదలాల్సింది ఒకటి. రెండోది మోగితే ఎవరికి ఫోన్, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరికి, తలుపు తాళం ఎవరి దగ్గరుంది అన్నవి కాగితం మీద రాసి గోడకు అంటించండి.

కొందరికి ఇదంతా వద్దనే చెబుతాను. గంటకోసారి బీపీ చూసుకుని, అంకె చూసి భయపడి, ఆ భయానికి బీపీ ఇంకా పెంచుకునేవాళ్లున్నారు. వాళ్ల చేతికి మెషిన్ ఇవ్వకుండా, రెండు పూటలా ఇంట్లో ఇంకొకరు చూసి అంకె చెప్పకుండా పంపడం మేలు. మతిమరుపు ముదిరినవాళ్లు ప్యాచ్‌ను పీకేస్తారు, దాని కోసం పోట్లాడటం ఇద్దరికీ బాధే. వాళ్లకు పరుపు కింది సెన్సర్, తలుపు సెన్సర్ లాంటివి సరిపోతాయి. ఆసుపత్రికి ఇక తీసుకెళ్లకూడదని కుటుంబం, డాక్టర్ కలిసి నిర్ణయించుకున్న రోగికి అలారాలు మోగించే పరికరాలన్నీ తీసేయొచ్చు, నొప్పి ఎలా ఉందో అడిగే మనిషి ఉంటే చాలు.

మిగతావాళ్లు కొనడానికి ముందు రెండు వారాలు అద్దెకో, ఆసుపత్రి ఇచ్చే ప్రయోగానికో తీసుకుని వాడి చూడండి. ఆ రెండు వారాల్లో ఎన్ని రోజులు రీడింగు చేరింది, ఎన్ని అలారాలు మోగాయి, వాటిలో ఎన్నింటికి ఎవరో ఒకరు నిజంగా ఏదైనా చేశారు అన్నవి లెక్కపెట్టుకోండి. మూడో లెక్క సున్నా వస్తే, పరికరం మార్చే ముందు చూసే మనిషి సంగతి తేల్చుకోండి.